గురువారం నాటి జ్వరం

కార్వర్ బెండ్, ఒహాయో
1878 అక్టోబరు 3

ఆప్తులు ఎలీషా పెటిఫోర్డ్ గారికి,

లైమన్ హోల్కోమ్ రాస్తున్నాను. ఈ పేరు చూడగానే మీరు ఉత్తరం పొయ్యిలో పడేయకుండా ఉంటే, చివరిదాకా చదవమని వేడుకుంటున్నాను.

మీరు బతికే ఉన్నారని నాకు పోయిన ఆదివారం తెలిసింది. కెనడా నుంచి వచ్చిన పాస్టరుగారొకాయన మా చర్చిలో ప్రసంగం చేసి భోజనానికి మా ఇంటికి వచ్చాడు. మాటల మధ్యలో, "మా చాతమ్‌లో ఒక బార్బరు ఉన్నాడండీ. చూపు తగ్గి ఈమధ్యే కత్తి పక్కన పెట్టాడు. ఆయనది ఒకప్పుడు మీ ఊరేనట" అన్నాడు. పేరేమిటని అడిగాను. చెప్పాడు. గరిటె నా చేతిలోంచి జారి పులుసంతా బల్ల మీద ఒలికింది. పాస్టరుగారు నా ముసలితనాన్ని చూసి జాలిపడ్డాడు.

నిజం చెబుతున్నాను. ఇన్నేళ్ళూ మీరు పోయారనే అనుకున్నాను. అనుకోవడమే కాదు, పోయి ఉంటేనే నయమని కూడా ఒకటి రెండు సార్లు అనిపించింది. పోయిన మనిషికి సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు కదా. చూడండి, ఎలాంటి మనిషి మీకు ఉత్తరం రాస్తున్నాడో.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, ఈ జిల్లా చరిత్రని పుస్తకంగా వేస్తున్నారు. ప్రముఖుల జీవితాలన్నీ అందులో ఉంటాయట. దాని ఏజెంటు వేసవి నుంచీ నా చుట్టూ తిరుగుతున్నాడు. దానికి తోడు కొత్తగా కట్టిన బడికి నా పేరు పెడుతున్నారు. గుమ్మం పైన రాతి మీద అక్షరాలు చెక్కడం కూడా అయిపోయింది. అందుకని నా జీవితం రాయడానికి కూర్చున్నాను. తోళ్ళు పదునుచేసేవాడి కొడుకుని, ఇరవై ఏడో ఏట లాయరునై ఈ ఊరు వచ్చానని, ముప్ఫై మూడుకి రాష్ట్ర శాసనసభకి, ముప్ఫై ఏడుకి వాషింగ్టన్‌కి వెళ్ళానని రాశాను. అక్కడిదాకా కలం బాగానే నడిచింది.

కానీ ఆ మొదటి ఎన్నిక మీరు లేకుండా ఎలా రాయను? అప్పుడు నా ఆఫీసు మీ షాపే. పొద్దున్నే మీ కుర్చీలో వెనక్కి వాలి, మొహం నిండా నురగతో, ఆరోజు ఇవ్వబోయే ఉపన్యాసం మీకు అప్పజెప్పేవాణ్ణి. మీరు కత్తి ఆపి, "లాయరుగారూ, ఆ లాటిను ముక్క తీసేయండి. పక్క కుర్చీలో ఆయన అప్పుడే గుర్రుపెడుతున్నాడు" అనేవారు. తీసేసేవాణ్ణి. నేను గెలిచింది మీరు తీసేయమన్న మాటల వల్లే. మీకేమో నల్లవారని ఓటు లేదు. అది నాకు అప్పట్లో వింతగా కూడా తోచలేదు.

1850 సెప్టెంబరు దగ్గర నా కలం ఆగిపోయింది. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళని ఉత్తరాదిలో కూడా పట్టి అప్పగించాలనే చట్టం సభ ముందుకొచ్చింది. నేను దానికి వ్యతిరేకినని మీకు తెలుసు. మీ కుర్చీలో కూర్చునే ఎన్నోసార్లు అన్నాను. ఓటు రోజు పొద్దున మా పార్టీ పెద్ద ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి, "హోల్కోమ్, నువ్వు సరేననక్కర్లేదు, కాదనక్కర్లేదు. నీ పేరు పిలిచేటప్పుడు హాల్లో లేకపోతే చాలు. జడ్జి పదవి సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. నేను లేచి బయటికి వెళ్ళాను. ఫలహారాల గదిలో కూర్చుని ఆల్చిప్పల పులుసు తెప్పించుకున్నాను. తలుపు తెరిచే ఉంది. పేర్లు పిలవడం వినిపిస్తోంది. "హోల్కోమ్" అన్నారు. కాసేపు ఆగి మళ్ళీ "హోల్కోమ్" అన్నారు. ఆ తర్వాత వేరే పేరుకి వెళ్ళిపోయారు. ఆ పులుసు చివరి చెంచాదాకా తాగాను.

చట్టం నెగ్గింది. ఆర్నెల్లు తిరిగేసరికి అదే చట్టంతో మిమ్మల్ని పట్టుకెళ్ళారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇది నా గొంతులో ముల్లులా ఉంది. మీరూ డార్కస్ గారూ నన్ను క్షమించగలరా?

ఇంకో విషయం కూడా ఉంది. అది దీనికంటే కష్టమైనది. మీరు జవాబు రాస్తే, దాన్నీ రాసే ధైర్యం తెచ్చుకుంటాను.

ఎప్పటికీ మీవాడిననుకునే,
లైమన్ హోల్కోమ్


చాతమ్, కెనడా
1878 అక్టోబరు 15

లైమన్ హోల్కోమ్ గారికి,

డార్కస్ పెటిఫోర్డ్ రాస్తున్నది. ఉత్తరం మొదట్లో 'ప్రియమైన' అని రాయడం మర్యాదని మా అమ్మాయి కెజియా అంటుంది. అది బడిలో పాఠాలు చెబుతుంది, దానికి తెలుసు. రెండుసార్లు రాయబోయాను. చెయ్యి రాలేదు.

మీ ఉత్తరం వచ్చింది. ఆయనకి అక్షరాలు ఆనడం లేదు కాబట్టి నేనే చదివి వినిపించాను. వరండాలో ఎండకి కూర్చుని విన్నాడు. లాటిను ముక్క దగ్గర పకపకా నవ్వాడు. పులుసు దగ్గర మొహం వీధి వైపు తిప్పుకున్నాడు. అంతా అయ్యాక ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తాను. "చూశావా డార్కస్, పెద్దాయన ఎంత బాధపడుతున్నాడో! ఆ గురువారం జ్వరంతో పడిపోకుండా ఉంటే తప్పకుండా వచ్చి ఉండేవాడు."

విన్నారా? జ్వరంతో పడిపోకుండా ఉంటే.

మీరు ఓటు వేయలేదన్న సంగతి మాకు అప్పుడే తెలుసు. పేపర్లో పడింది. మీరొక్కరు 'కాదు' అన్నా ఆ చట్టం ఆగేది కాదని కూడా ఎవరో లెక్కేసి చెప్పారు. దానికి మీరు అంత సిరా ఖర్చు పెట్టారు. అసలుదాన్ని 'ఇంకో విషయం' అని ఆఖర్న ఒక్క ముక్కలో పెట్టారు. అదేమిటో నాకు తెలుసు.

ఆ గురువారం నేను మీ ఇంటి గుమ్మం ముందు మూడుసార్లు నిలబడ్డాను. చంకలో ఏడాది పిల్ల. "అమ్మగారూ, లాయరుగారు ఒక్కసారి వచ్చి ఈ మనిషి తనకి ఎప్పట్నుంచి తెలుసో చెబితే చాలు, వదిలేస్తారట" అన్నాను. మూడోసారి మీ లూసిండమ్మగారు తలుపు సగమే తీసి, "ఆయనకి ఒళ్ళు కాలిపోతోంది డార్కస్, తెలివిలో లేరు" అంది. ఆవిడ కళ్ళు నేల మీదే ఉన్నాయి. నేను గేటు దాటి ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. మేడమీద కిటికీలో మీరు నిలబడి ఉన్నారు. కోటు వేసుకుని, మెడకి టై కట్టుకుని. ఒళ్ళు కాలిపోతున్న మనిషి టై కట్టుకోడు.

ఇది ఆయనకి చెప్పలేదు. 'లాయరుగారికి జ్వరమట, రాలేరట' అని మాత్రం సత్రంలో ఆయనతో అన్నాను. పట్టుకెళ్ళినవాడు అమ్మేస్తే మిసిసిపీ పత్తి చేలలో పన్నెండేళ్ళు, తర్వాత యుద్ధంలో సైన్యం వెనక గోతులు తవ్వుతూ ఇంకో రెండేళ్ళు గడిపి, 1865లో నన్ను వెతుక్కుంటూ ఈ ఊరు వచ్చాడు. వచ్చిన రోజు కాళ్ళు కడుక్కుంటూ అడిగాడు: "లాయరుగారు ఆ జ్వరంతో పోలేదు కదా?" నేనేమనాలి? "లేదు, బాగానే ఉన్నాడట" అన్నాను. ఆ పన్నెండేళ్ళూ ఏ రోజుకారోజు, 'నా ఊళ్ళో నాకోసం మాట్లాడే మనిషి ఒకడున్నాడు, పాపం ఒంట్లో బాగాలేక రాలేదు' అనుకుంటూ బతికాడట. ఆ అనుకోవడమే లేకపోతే మొదటి ఏడే నదిలో దూకేవాణ్ణన్నాడు. అలాంటి మనిషి దగ్గర్నుంచి దాన్ని లాక్కోమంటారా?

కాబట్టి ఆ రెండో ఉత్తరం ఆయనకి రాయకండి. మీకు గుండె బరువుగా ఉంటే నేల మీద దింపుకోండి. ఆయన నెత్తిన దింపకండి. పదమూడేళ్ళుగా మీ అబద్ధాన్ని మా ఇంట్లో పెట్టుకుని నేను సాకుతున్నాను. మీరు కొంచెం సాయం పట్టలేరా?

డార్కస్ పెటిఫోర్డ్


కార్వర్ బెండ్
1878 నవంబరు 2

గౌరవనీయురాలు డార్కస్ పెటిఫోర్డ్ గారికి,

మీ ఉత్తరం అందింది. నన్ను ఎవరూ చూడలేదనే అనుకుంటూ వచ్చాను. అదే నా ఒకే ఒక్క ఊరట అని ఇప్పుడు అర్థమవుతోంది. ఎంత నీచమైన ఊరటో!

మీరు చెప్పినట్టే చేస్తాను. ఆయనకి రాయను. కానీ మీకు తెలిసిన దాన్నే మీకు చెప్పుకోనివ్వండి. ఇంతవరకూ ఒక్క ప్రాణికి కూడా నా నోటితో చెప్పలేదు.

ఆ మార్చిలో నేను వాషింగ్టన్ నుంచి వచ్చి అయిదు రోజులు. బుధవారం నాడు నది అవతల బానిసత్వం ఉన్న కెంటకీ నుంచి ఒక కుర్ర రైతు ఇద్దరు ప్రభుత్వ మార్షల్స్‌ని వెంటబెట్టుకుని వచ్చి, ఎలీషాగారు తన తండ్రి దగ్గర్నుంచి 1844లో పారిపోయిన బెన్ అనే బానిస అన్నాడు. విచారణ గురువారం పొద్దున సత్రం పైగదిలో. ఆయన మాట చెల్లదు, మీ మాట చెల్లదు, చట్టం అలాంటిది. స్వేచ్ఛా పత్రాలు షాపు అంటుకున్నప్పుడే కాలిపోయాయి. ఆయన 1844కి ముందు నుంచీ ఈ ఊళ్ళో ఉన్నాడని ఒక తెల్లవాడు ప్రమాణం చేసి చెబితే ఆ దావా అక్కడికక్కడే పడిపోతుంది. ఊరికి మొదట వచ్చినవాళ్ళు చాలామంది 1849లో కలరాకి పోయారు. మిగిలినవాళ్ళు "ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో అయ్యుంటుంది" అని నీళ్ళు నమిలారు.

నాకు తేదీతో సహా తెలుసు. 1841 జూన్ తొమ్మిది. నా పెళ్ళి రోజు. ఆ పొద్దున ఎలీషాగారే నాకు గడ్డం గీశాడు. నేను వణుకుతుంటే, "కదలకండి లాయరుగారూ, మొహం మీద గాట్లు పడితే పెళ్ళికూతురు అటునుంచటే పుట్టింటికి పోగలదు" అన్నాడు. ఈ ఒక్క ముక్క చెబితే అయిపోయేది. సత్రం మా ఇంటికి రెండు వీధుల అవతల.

మీరు రెండోసారి వచ్చి వెళ్ళాక లూసిండా మేడమీదికి వచ్చింది. "వెళ్ళి ఆ ఒక్క మాట చెప్పి రండి. టై కట్టాను కదా, కోటు కూడా వేసుకున్నారు" అంది. అవునమ్మా, ఆ టై నేను వెళ్దామనే కట్టించుకున్నాను. అది మీకు తెలియాలి, దానివల్ల నా తప్పు తగ్గుతుందని కాదు. వెళ్దామనుకుని కూడా వెళ్ళనివాణ్ణి నేను.

"నువ్వనుకున్నంత తేలిక కాదు లూసిండా. పది రోజుల్లో జడ్జి కాగితం రావాలి. ఈ చట్టానికి అడ్డం పడ్డానని వాళ్ళ చెవిన పడిందంటే..."

"అయితే డార్కస్ మళ్ళీ వస్తే ఏం చెప్పమంటారు?"

నేను కోటు గుండీలు సర్దుకున్నాను.

"ఒంట్లో బాగాలేదని చెప్పమంటారా? నాచేత అబద్ధం ఆడించాలంటే మీ నోటితో అనండి."

"చెప్పు" అన్నాను.

ఆవిడ కిందికి వెళ్ళింది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. మధ్యాహ్నానికి అంతా అయిపోయింది.

జడ్జి పదవి వేరేవాడికిచ్చారు. అది మీకు నవ్వొచ్చే సంగతే. తర్వాత గాలి తిరిగింది. బానిసత్వాన్ని తిడితే ఓట్లు పడే రోజులొచ్చాయి. నేను బాగా తిట్టాను. యుద్ధానికి కుర్రవాళ్ళని పంపించే సభల్లో నా గొంతే గొంతు అనేవారు. నల్లవాళ్ళకి ఓటు హక్కు సవరణ రాష్ట్ర సభకి వచ్చినప్పుడు రెండు గంటలు మాట్లాడాను. అప్పుడు నా పేరు పిలిస్తే ఎలుగెత్తి పలికాను. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో నేను ఏం వినేవాణ్ణో ఎవరికి తెలుసు?

లూసిండా నాతో మామూలుగానే కాపురం చేసింది. ఒక్క మాట తేడాగా అనలేదు. ఇంటికొచ్చిన వాళ్ళెవరైనా నన్ను పొగడటం మొదలుపెడితే మాత్రం వంటింట్లో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేది. ఆరేళ్ళ కిందట పోయింది. పోయే ముందురోజు నేను మంచం పక్కన కూర్చుని ఉంటే, చెయ్యి చాపి నా నుదుటి మీద పెట్టి, "తగ్గిందా?" అంది. తెలివిలో ఉండి అందో, తెలివి లేక అందో నాకు తెలియదు.

నిన్న బడి కమిటీ పెద్ద ఓరిన్ బీల్ దగ్గరికి వెళ్ళి, నా పేరు తీసేయమన్నాను. ఎందుకని అడిగాడు. కారణం చెప్పకూడదు, చెబితే ఏదో ఒక దారిన చాతమ్ దాకా వస్తుంది. "నేను తగనోయ్" అన్నాను. అతను నా రెండు చేతులూ పట్టుకుని, "ఇంత వినయం ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది లైమన్!" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇప్పుడు ఊరంతా నా వినయం గురించే చెప్పుకుంటున్నారు. మీరు నన్ను శపించనక్కర్లేదు. ఈ శిక్ష నడుస్తూనే ఉంది.

మౌనంగా ఉంటానని మాట ఇస్తూ,
లైమన్ హోల్కోమ్


చాతమ్
1878 నవంబరు 20

లాయరుగారికి,

ఎలీషా పెటిఫోర్డ్ చెబుతుంటే మా అమ్మాయి కెజియా రాస్తోంది. బుధవారాల్లో డార్కస్ చర్చిలో ఆడవాళ్ళతో కలిసి బొంతలు కుట్టడానికి వెళుతుంది. ఇంట్లో మేమిద్దరమే.

మీ రెండో ఉత్తరం డార్కస్ పిండి డబ్బా వెనక దాచింది. కెజియాకి దొరికింది. దొరికాక ఇది నా దగ్గర దాచలేకపోయింది, నేను తిరిగి వచ్చినప్పట్నుంచీ అంతే. చదివి వినిపించమన్నాను. "నాన్నా, వద్దు" అని ఏడ్చింది. "చదవవే, నాకు తెలియనిది అందులో ఏముంటుంది" అన్నాను.

తెలియనిది లేదు లాయరుగారూ. ఆ గురువారం మధ్యాహ్నం నన్ను బండిలో వేసి తీసుకెళ్తుంటే, వానకి రోడ్డు బురదై మీ గేటు ముందు చక్రం దిగబడింది. వాళ్ళు దిగి దాన్ని లేపుతుంటే నేను తల పైకెత్తాను. చేతులకి గొలుసులున్నాయి గానీ మెడకి లేవు. మీరు కిటికీలో ఉన్నారు. మీ గడ్డం శుభ్రంగా గీసి ఉంది. నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? 'నా షాపు నిన్నట్నుంచీ మూసి ఉంది, ఈయనకి ఎవరు గీశారు?' అని. ఆ తర్వాత అర్థమైంది. మీరే గీసుకున్నారు. గదవ మీద గాటు పడి దూది అంటించుకున్నారు. జ్వరమొచ్చిన వాళ్ళకి నేను ఇంటికెళ్ళి గీసేవాణ్ణి. మనిషి ఎలా ఉంటాడో నాకు తెలియదా?

మరి డార్కస్‌తో జ్వరం కథ ఎందుకు చెప్పానంటారా? ఈ ఊరు వచ్చేసరికి ఆవిడ మొహం చూశాను. పద్నాలుగేళ్ళు ఒంటరిగా పిల్లని పెంచి, పరాయి ఊళ్ళో బట్టలుతికి, గడ్డకట్టిన మనిషిలా ఉంది. మీరు మేడమీద నిలబడి చూశారని చెబితే, ఆవిడ మిగిలిన బతుకంతా మీ మీద పగతోనే గడిచిపోతుంది. నాకు ఇంట్లో డార్కస్ కావాలి గానీ మీరు వద్దు. జ్వరం అంటే ఎవరి తప్పూ కాదు. అందుకని మీరు జ్వరంతో పోయారా అని అడిగాను. ఆవిడ "బాగానే ఉన్నాడట" అంది. ఆవిడ నమ్మిందని నేననుకున్నాను. ఆవిడేమో నేను నమ్మాననుకుంది. మీరున్నారన్న ధీమా లేకపోతే నదిలో దూకేవాణ్ణని ఆవిడతో అన్న మాట కూడా కథ బాగా అతకాలని నేను కల్పించిందే. నిజానికి అక్కడ నన్ను బతికించింది మీరు కాదు, కెజియా మాట్లాడటం మొదలుపెట్టిందో లేదో అన్న ధ్యాస. ఇలా మొగుడూ పెళ్ళాం ఒకరికొకరం పదమూడేళ్ళు మీ జ్వరానికి కషాయం కాచుకున్నాం. ఈ మాట రాస్తుంటే కెజియా నవ్వుతూ ఏడుస్తోంది. ఈ సాయంత్రం డార్కస్‌కి అంతా చెప్పేస్తాను. తిడుతుంది. తిట్టనీ.

ఇప్పుడు అసలు సంగతి. మీరు బడి మీద పేరు తీసేయమన్నారట, నోరు మూసుకుంటానని మాట ఇచ్చారట. దానివల్ల ఎవరికేం ఒరిగింది? మౌనంగా ఉండటం మీకు బాగా చేతనైన పనే. దాన్నే ఇంకోసారి చేస్తూ అది శిక్ష అంటారేమిటి?

మీ కోర్టులో ఒక పుస్తకం ఉంది. అందులో 'బెన్ అనే బానిసని యజమానికి అప్పగించడమైనది' అని రాసి ఉంది. నేను ఎప్పుడూ బెన్‌ని కాను. వర్జీనియాలో స్వేచ్ఛగా ఉన్న తల్లికి పుట్టినవాణ్ణి. మా నాన్న పెట్టిన పేరు ఎలీషా. మిసిసిపీలో పన్నెండేళ్ళు ఆ పేరు పలికితే దెబ్బలు పడేవి. ఆ అసలు బెన్ గురించి కూడా నేను చాలా ఆలోచించాను. పారిపోయినవాడు ఒకడు ఎక్కడో ఉండే ఉంటాడు. నేను దొరికాను కాబట్టి వాణ్ణి మళ్ళీ ఎవరూ వెతికి ఉండరు. వాడు చల్లగా ఉండాలి. వాడి మీద నాకు కోపం లేదు.

కానీ నాకు అరవై నాలుగేళ్ళు. నేను పోయాక నేనెవర్నో చెప్పే కాగితం ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. ఉన్న ఒక్కటీ అబద్ధం. మీరు లాయరు, పెద్దమనిషి, మీ మాట చెల్లుతుంది. అప్పుడూ చెల్లేది. వెళ్ళి చెప్పండి. నాలుగు గోడల మధ్య కాదు, మనుషులున్న చోట చెప్పండి. ఆ జిల్లా చరిత్ర పుస్తకంలో మీ గొప్పల మధ్య నన్ను కూడా ఇరికించడానికి కాదు. నా పేరు సరిచేయడానికి.

క్షమించమని అడిగారు. నా దగ్గర ఉందేమోనని వెతికాను. దొరకలేదు. అబద్ధం చెప్పి ఉందనలేను. మీ మీద పగ మాత్రం లేదు, అది ఎప్పుడో అలిసిపోయింది.

లాటిను ముక్కలు పెట్టకండి.

ఎలీషా పెటిఫోర్డ్


కార్వర్ బెండ్
1878 డిసెంబరు 17

ప్రియమైన ఎలీషా పెటిఫోర్డ్ గారికీ, డార్కస్ గారికీ,

పోయిన శనివారం బడి ప్రారంభోత్సవం జరిగింది. బెంచీలు చాలక జనం గోడల వెంబడి నిలబడ్డారు. పుస్తకం ఏజెంటు ముందు వరుసలో పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. ఓరిన్ బీల్ నన్ను పరిచయం చేస్తూ, పీడితుల మిత్రుడు, సత్యవాది అన్నాడు. నేను లేచి జేబులోంచి కాగితం తీశాను. ఒక్క పేజీ. పది నిమిషాలు కూడా పట్టలేదు.

1841 జూన్ తొమ్మిదిన ఎలీషా పెటిఫోర్డ్ నాకు గడ్డం గీశాడనీ, అప్పటికే ఆయన ఈ ఊరివాడనీ, 1844లో పారిపోయిన బెన్ ఆయన కానే కాదనీ, ఇది తెలిసిన నేను 1851 మార్చి ఇరవై గురువారం నాడు రెండు వీధుల అవతల కూర్చుని ఈ మాట చెప్పడానికి వెళ్ళలేదనీ చదివాను. ఎందుకు వెళ్ళలేదో కూడా చదివాను.

ఓరిన్ వచ్చి నా మోచెయ్యి పట్టుకుని, చెవిలో చెప్పినట్టు, "లైమన్, ఒంట్లో బాగాలేనట్టుంది. ఇంటికి పద. జ్వరంగానీ వచ్చిందా?" అన్నాడు.

"లేదు ఓరిన్, నాకు జ్వరం లేదు. ఆ రోజూ లేదు" అన్నాను. గదంతా వినిపించేలానే అన్నాను.

వెనక నుంచి ఎవరో, "మా అయ్య ఆ రోజు సత్రంలో ఉన్నాడు. ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో అని వచ్చాడు. ఆయనకీ తెలుసేమో" అన్నాడు. ఒకావిడ పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. పాటలు పాడాల్సిన పిల్లలు పాడకుండానే సభ ముగిసింది. ఇప్పుడు చాలామంది నన్ను చూసి వీధి అవతలి వైపుకి మారుతున్నారు. కొందరు మాత్రం మునుపటికంటే దగ్గరికొచ్చి చెయ్యి కలుపుతున్నారు. వాళ్ళ మొహం చూడటమే నాకు ఎక్కువ కష్టంగా ఉంది. బడి మీది రాతిని సోమవారం తాపీవాడు దింపేశాడు. పుస్తకంలో నా అధ్యాయం వెయ్యరట. 'మా చందాదారులు ఇలాంటివి చదవరండీ' అని ఏజెంటు రాశాడు. అంటే మీ పేరు అందులోకి ఎక్కదు. అది నాకు బాధగా ఉంది.

అందుకని కోర్టుకి వెళ్ళాను. ఆ పాత పుస్తకం బయటికి తీయించాను. తీర్పు కొట్టేయడానికి ఇప్పుడు ఎవరికీ అధికారం లేదట. గుమాస్తా మంచివాడు. నా ప్రమాణ పత్రాన్ని ఆ పేజీకి కలిపి కుట్టడానికి ఒప్పుకున్నాడు. ఇకమీదట బెన్ అని చదివినవాళ్ళు పేజీ తిప్పితే ఎలీషా పెటిఫోర్డ్ అని చదువుతారు. ముద్ర వేసిన నకలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. కెజియా గారిని చదివి వినిపించమనండి. లాటిను లేదు.

మళ్ళీ క్షమాపణ అడగను. మీరు వెతికి చూశారన్నదే నాకు చాలా ఎక్కువ. ఇంతవరకే చేయగలిగాను. ఆ గురువారం ఇందులో పదోవంతు చేసి ఉంటే సరిపోయేది.

లైమన్ హోల్కోమ్